నోట్లో నాలుగు మూతలు

ఐస్‌లాండ్‌లో, మా వైపు
రోడ్డు అయిపోయిన చోట హిమానీనదం మొదలవుతుంది.
అక్కడ స్టేనున్ జీపు ఆపి దిగుతుంది.
చక్రం పక్కన మోకాళ్ల మీద కూచుని
వాల్వు మూత విప్పి నోట్లో పెట్టుకుంటుంది.
ఒకటి. రెండు. మూడు. నాలుగు.
మంచులో పడితే మళ్లీ దొరకవని.

అందుకే ఆమె దగ్గర నేను నేర్చుకున్నది
చాలావరకు మాటల్లేని చదువు.

అప్పుడు నాకు ఇరవై రెండు. రక్షణ దళంలో కొత్త.
తలుపు అంచున స్టిక్కరు మీద ముప్పై రెండని ఉంటే
ముప్పై రెండు పౌండ్లూ కొట్టించి
బూటుతో తన్ని చూసుకుని
రాయిలా ఉందని మురిసిపోయే రకం.
ఆ మురిపెంతోనే మంచు మీదికి ఎక్కించాను.
పది గజాలు.
ఇరుసుదాకా దిగబడింది.

ఎక్సలేటర్ తొక్కాను. ఇంకాస్త దిగింది.
మళ్లీ తొక్కాను.
గొయ్యి తవ్వుకునేవాడికి పార అందించినట్టు
ఇంజను నాకు సాయం చేసింది.

వెనక బండిలోంచి ఆమె తొందరపడలేదు.
ఫ్లాస్కులో కాఫీ అయ్యాక వచ్చింది.

మనిషికి గాలి తీస్తే తల దించుకుంటాడు.
చక్రానికి తీస్తే
పాదం చాపుకుంటుందని నాకేం తెలుసు.

స్స్స్ మని, చాలాసేపు.
ఇరవై. పన్నెండు. ఎనిమిది.
నాలుగు దగ్గర ఆమె చెయ్యి పట్టుకున్నాను,
చాలు, చదునైపోతుందని.
ఆమె నా చెయ్యి తీసి పక్కన పెట్టింది,
బల్ల మీద అడ్డొచ్చిన గిన్నెలా.

మూడు దాటాక ముల్లు వణుకుతుంది,
దాని మాట నమ్మడానికి లేదు.
అప్పుడు ఆమె గ్లౌజు విప్పి
టైరు పక్కటెముకల మీద వేలు నడిపింది.
ఒక మడత తగిలింది,
చంటిపిల్ల మణికట్టు మీద ఉండేలాంటిది.
అక్కడ ఆపింది.

బండి లేచిందనుకున్నాను. లేవలేదు, పరుచుకుంది.
మంచుకి తెలియకుండా
మంచు మీద నడిచిపోయింది.

ఆ రోజు మేం వెతికిన ఇద్దరూ దొరికారు.
ఆ కథ చెప్పేవాళ్లు వేరే ఉన్నారు,
నాది గాలి సంగతి.

తిరుగు దారిలో మళ్లీ రోడ్డు అంచున ఆపింది.
మైనస్ పంతొమ్మిది. ఒక్కో చక్రానికీ పన్నెండు నిమిషాలు
కంప్రెసర్ గురక.
ఇలాగే పోదాం, ముప్పై కిలోమీటర్లేగా, అన్నాను,
వేడి సూపు కళ్ల ముందు కదులుతుంటే.

మూతలు అరచేతిలోకి ఉమ్ముకుని
ఆ రోజుకి ఒకేసారి మాట్లాడింది:
"మా థోర్గిల్స్ అలాగే వెళ్లాడు.
రెండో మలుపులో టైరు రిమ్ము వదిలి
సముద్రం వైపు పోయింది.
ఆయన ఇటు పడ్డాడు.
టైరుకి ఈత రాదు, పాపం."
మూతలు మళ్లీ నోట్లో వేసుకుంది.

ఇప్పుడు ఆమె మోకాళ్లు వంగవు.
మూతలు నా నోట్లోకి వచ్చాయి.

ఈ ఉదయం మా అక్క యోరున్ కారు.
చక్రం ఒక్క చుట్టు కూడా తిరగకముందే చూడాలి,
రాత్రి చలి ఇంకా రబ్బరులో ఉండగానే.
కాస్త పరిగెత్తిందంటే వేడెక్కి, ఉబ్బి
లేని ఆరోగ్యం చూపిస్తుంది.

ఇరవై ఆరు.
పోయిన వారం ముప్పై రెండు పెట్టాను.
మేకు లేదు, చిల్లు లేదు.
ఆరు పౌండ్లు చలి మడిచి పెట్టుకుంది.

చేపల ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులు చేసి
అక్క అప్పుడే వచ్చింది. చేతులకింకా పొలుసులు.
వంగి, టైరు గోడ మీద అక్షరాలు చదివింది.
"యాభై ఒకటని దీని మీదే ఉందిగా,
అంతా కొట్టేయరాదూ?"

అది టైరు ఓర్చుకోగల హద్దు, అక్కా.
ఓర్చుకోగలదని అంతా ఎక్కించకూడదు.
ఎంత ఉండాలో వేరే చోట రాసి ఉంటుంది,
తలుపు తెరిస్తేనే కనిపించేలా, చిన్న అక్షరాల్లో.

చెప్పాలనే ఉంది.
నోట్లో నాలుగు మూతలు,
ఉప్పు, దుమ్ము, రబ్బరు.

"ఏంట్రా?" అంది.

వేలితో తలుపు చూపించాను.